వార్త వెనుక మనిషి

రువాండా ప్రజల మాతృభాష కిన్యర్వాండా. ఆ భాషలో ‘అమకురు’ అంటే వార్తలు. ఇద్దరు ఎదురుపడినప్పుడు పలకరించుకునే మాట కూడా అదే. తెలుగువారు ‘ఏమిటి విశేషాలు?’ అని అడిగినట్లే వారు ‘అమకురు?’ అని అడుగుతారు. ‘ని మేజా’, అంటే ‘బాగున్నాయి’ అని బదులు చెబుతారు. వార్తనూ క్షేమసమాచారాన్నీ ఒకే మాటలో ఇముడ్చుకున్న ఆ దేశంలో ఒకప్పుడు వార్త మారణాయుధమైంది. పాత్రికేయ విద్యలో శిక్షణ కోసం అక్కడికి వెళ్లే విదేశీ విద్యార్థికి మార్గదర్శకుడు మొదట చెప్పవలసిన పాఠం ఇదే.

1993 జులైలో ప్రసారాలు ప్రారంభించిన ఆర్.టి.ఎల్.ఎం. అనే ప్రైవేటు రేడియో పాటలతో, ఛలోక్తులతో శ్రోతలను ఆకట్టుకుంటూనే టుట్సీలను ‘బొద్దింకలు’ అని తూలనాడింది. 1994 ఏప్రిల్ నుంచి జులై వరకు, దాదాపు 100 రోజులలో, సుమారు 8 లక్షల మంది హతులయ్యారు. వారిలో అత్యధికులు టుట్సీలు. ఆ మారణకాండను వ్యతిరేకించిన హుటులూ ఉన్నారు. ప్రాణభయంతో దాగినవారి ఆచూకీని సైతం ఆ రేడియో చాటింది. 2003 డిసెంబరులో టాంజానియాలోని అరూషాలో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ రేడియో స్థాపకులలో ఇద్దరినీ, ‘కంగూరా’ పత్రిక సంపాదకుడినీ దోషులుగా నిర్ణయించింది. 2007లో అప్పీలుపై కొన్ని అభియోగాలు వీగిపోయి శిక్షలు తగ్గాయి గాని, ఆ ముగ్గురూ నిర్దోషులు కాలేదు.

ఇంతటి గాయం తగిలిన దేశంలో పాత్రికేయ విద్యను తిరిగి నిలబెట్టడానికి 2006లో కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయం ‘రువాండా ఇనిషియేటివ్’ అనే కార్యక్రమాన్ని చేపట్టింది. బుటారేలోని జాతీయ విశ్వవిద్యాలయానికి అధ్యాపకులను పంపింది. కెనడా విద్యార్థులు రువాండా వార్తాసంస్థలలో ఇంటర్న్‌షిప్ చేశారు. ఇలాంటి శిక్షణకు వెళ్లిన విద్యార్థికి ఇద్దరు గురువులుంటారు. ఒకరు తన విశ్వవిద్యాలయపు అధ్యాపకుడు. మరొకరు స్థానిక పత్రికా కార్యాలయంలోని సంపాదకుడు. వార్త రాసే పద్ధతి మొదటివారు నేర్పుతారు. రాయడానికి ముందు మెలగవలసిన పద్ధతి రెండవవారి వద్దనే తెలుస్తుంది.

తొలినాళ్లలో విద్యార్థి నోటుపుస్తకం నిండా ప్రశ్నలే. హత్యాకాండ నుంచి బయటపడిన ఒక వృద్ధురాలిని కలవడానికి బయలుదేరుతూ ‘మీరు హుటులా, టుట్సీలా?’ అన్న ప్రశ్నను అతడు మొదటి వరుసలోనే రాసుకుంటాడు. సంపాదకుడు దానిని కొట్టివేస్తాడు. కారణం చరిత్రలో ఉంది. 1930లలో బెల్జియం వలసపాలకులు ప్రవేశపెట్టిన గుర్తింపు కార్డులపై జాతి పేరు ఉండేది. 1994లో దారులు కాచిన హంతకులు ఆ కార్డును చూసే ఎవరు బతకాలో, ఎవరు చావాలో తేల్చారు. విద్యార్థికి అది ఒక సమాచారం మాత్రమే. ఆ తల్లికి అది దారి మధ్యలో విన్న ప్రశ్న.

అంతమాత్రాన జరిగిన ఘోరాన్ని దాచమని గురువు చెప్పడు. ముందుగా తానెవరో, తన రాత ఎక్కడ అచ్చవుతుందో ఆమెకు తెలియజేయాలి. చెప్పడం ఇష్టం లేకపోతే మానుకోవచ్చునని స్పష్టం చేయాలి. ఆమె గొంతు వణికినప్పుడు కలం పక్కన పెట్టాలి. మాటలు ముగిసిన వెంటనే లేచిపోక కొంతసేపు ఆమె వద్ద కూర్చోవాలి.

దీనికన్నా కఠినమైన చిక్కు మరొకటి ఉంది. రువాండాలో ప్రభుత్వాన్ని విమర్శించే పాత్రికేయులకు నేటికీ ఒత్తిళ్లు తప్పడం లేదు. విద్యార్థి సాహసించి రాసిన కథనంలో స్థానిక సహచరుడి పేరు కూడా ఉంటుంది. గడువు ముగిశాక విద్యార్థి విమానమెక్కి వెళ్లిపోతాడు. సహచరుడూ, సమాచారం ఇచ్చినవారూ అక్కడే ఉంటారు. అలాగని ప్రతి సత్యాన్నీ భయంతో మింగివేస్తే పాత్రికేయ విద్యకు అర్థమేముంది? జాగ్రత్త ఎక్కడ ముగిసి పిరికితనం ఎక్కడ మొదలవుతుందో చెప్పే సూత్రం ఏ పాఠ్యగ్రంథంలోనూ లేదు. అందుకే మంచి గురువు సిద్ధమైన జవాబు ఇవ్వడు. ‘దీని ఫలితం అనుభవించేది ఎవరు? వారిని అడిగావా?’ అని మాత్రం ప్రశ్నిస్తాడు. ఆ ప్రశ్నను శిష్యుడు తనంతట తాను వేసుకోగలిగిన రోజున శిక్షణ సగం పూర్తయినట్లే.

మళ్లీ ఆ వృద్ధురాలి గడప ముందు నిలిచినప్పుడు విద్యార్థి నోటుపుస్తకం తెరవడు. చేతులు జోడించి ‘అమకురు?’ అంటాడు. ఈసారి అతడు అడుగుతున్నది వార్త కాదు, ఆమె క్షేమం. ఆమె లోపలికి రమ్మంటే వార్త ఆ తరువాత వస్తుంది. రమ్మనకపోతే అతడు నమస్కరించి వెనుదిరుగుతాడు.