చిలకలపూడి మెరుగు

బందరులో మా ఇంటి బావినీళ్లు ఉప్పన. ఆ నీళ్లలో సబ్బు నురగ కట్టదు, విరిగిన పాలలా తరకలు తరకలుగా తేలుతుంది. అందుకని మా తాతయ్య గడ్డానికి కుండలోని మంచినీళ్లు ఒక గ్లాసు తీసి కాచుకునేవారు. వీధి కుళాయి దగ్గర నిలబడి ఆ నీళ్లు మోసుకొచ్చేది నాయనమ్మ. "తాగే నీళ్లతో గడ్డాలేమిటండీ?" అని రోజూ అనేది. "గడ్డానికీ దాహమేస్తుందే" అని తాతయ్య రోజూ అదే జవాబు చెప్పేవారు. రోజూ అంటే మంగళ, శుక్రవారాలు కాక. ఆ రెండు రోజులూ ఇంట్లో గడ్డం మాటా లేదు, నీళ్ల తగవూ లేదు.

అరుగు మీద తూర్పు స్తంభానికి ఒక మేకు, దానికి రసం ఊడిన అద్దం. కింద పీట. పీట పక్కన గుండ్రటి సబ్బు డబ్బా, జుట్టు పలచబడిన బ్రష్షు, పటికబిళ్ల, నీళ్ల గ్లాసు, రేజరు. ఈ వరస ఎప్పుడూ మారేది కాదు. బళ్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, వస్తువుల్ని కూడా పిల్లల్లా వరసలో కూర్చోబెట్టేవారు. నురగ పట్టించిన చెంప మీద రేజరు దిగుతుంటే వచ్చే చప్పుడు నాకిప్పటికీ గుర్తు. ఎండుగడ్డి మీద బల్లి పాకినట్టు ఉండేది. ఒక్క గీత గీసి, రేజరు గ్లాసులో ఆడించి, మళ్లీ ఇంకో గీత. అయ్యాక పటికబిళ్ల తడిపి ముఖమంతా రాసుకుని, ఎక్కడ చురుక్కుమందో చూసుకుని, "ఇవాళ రెండు తప్పులు" అని తనకు తానే మార్కులు వేసుకునేవారు.

అప్పుడిక నా వంతు. రేజరు విప్పి కడగడానికి నన్ను దగ్గరికి పిలిచేవారు. మూడే ముక్కలు: పైన టోపీ, కింద పలక, దాని కింద పిడి. బ్లేడు మాత్రం ఆయనే తీసేవారు. ఒకసారి దాన్ని రెండు చివర్లా పట్టుకుని వంచి చూపించారు. కాగితంలా వంగింది. మందం మిల్లీమీటరులో పదో వంతు. "ఒట్టిగా ఉంటే ఇది తాటాకు ముక్కరా. టోపీ కింద వంచి బిగిస్తేనే కత్తి" అన్నారు. ఆ ఒక్క మాటలో రేజరు కిటుకంతా ఉందని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. అంత పలచటి ఉక్కుకు పదును నిలబెట్టడానికే అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ ఏళ్లు తంటాలు పడ్డాడు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు తోడయ్యాకే ఆ పని తేలింది. 1903లో మొదటిసారి అమ్మకానికి పెడితే ఏడాది మొత్తానికి పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. 1904 నవంబరులో పేటెంటు వచ్చింది. ఆ ఒక్క ఏడే 90 వేలకు పైగా రేజర్లు అమ్ముడుపోయాయి. అంతవరకూ చాలామందికి గడ్డమంటే మంగలి కత్తి, దాన్ని పట్టగలిగిన చెయ్యి. ఆ తర్వాత ఎవరి అద్దం ముందు వాళ్లే.

మా ఇంట్లో బ్లేడుకు ఆయుష్షు ఎక్కువ. పదును తగ్గిందనిపిస్తే తాతయ్య గాజు గ్లాసు లోపలి గోడకు దాన్ని చూపుడు వేలితో అదిమి, నాలుగు చుక్కల నీళ్లు వేసి, అటూ ఇటూ పదిసార్లు రుద్దేవారు. మరో రెండు మూడు గడ్డాలకు సరిపోయేది. ఇక లాభం లేదనుకున్నాక అది అమ్మ కుట్టుపెట్టెలోకి వెళ్లేది. అక్కడా పనికిరాకపోతే మధ్యకు విరిచి, కాగితం చుట్టి, పెన్సిళ్లు చెక్కుకోమని నాకు ఇచ్చేవారు.

ఆ రేజరు ఇంగ్లండులో తయారైంది, జిలెట్ వారి టెక్ రకం. ఇత్తడి మీద నికెలు పూత. 1951లో సైదాపేటలో టీచరు ట్రైనింగు చేస్తున్నప్పుడు మద్రాసు మూర్ మార్కెట్లో కొన్నారు. అప్పటికింకా ఆంధ్ర రాష్ట్రం రాలేదు. అప్పట్లో మూర్ మార్కెట్టంటే పాత పుస్తకాలు, పాత గడియారాలు, పాత గ్రామఫోన్లు, అన్నీ పాతవే. కొట్టువాడు రెండు రేజర్లు ముందు పెట్టాడట. ఒకటి అద్దంలా మెరుస్తోంది, రెండోది మసకేసి ఉంది. "మెరిసేది తీసుకోండి, కొత్తదానిలా ఉంది" అన్నాడట. తాతయ్య రెండింటినీ అరచేతిలో పెట్టి తూచారు. మెరిసేది తేలిపోయింది, పలచటి రేకు. తర్వాత జేబులోంచి బ్లేడు తీసి మసకదానికి బిగించి వెలుతురుకు ఎత్తి చూశారు. బ్లేడు రెండు వైపులా సమానంగా పైకొచ్చిందా, పలక అంచుకూ బ్లేడుకూ మధ్య సందు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకేలా ఉందా అని. చివరికి పిడి మర ఎన్నిసార్లు విప్పి ఎన్నిసార్లు బిగించినా ఒకేచోట ఆగుతోందా అని.

"మెరిసేది బల్ల మీద పెట్టుకోడానికిరా, ఇది ముఖం మీద పెట్టుకోడానికి" అని ఈ కథ చెప్పిన ప్రతిసారీ ముగించేవారు. నాకు మాత్రం ఆ మెరిసే రేజరు కొనుక్కుని ఉంటే బాగుండేదనిపించేది.

1977 నవంబరు 19. ఆ తారీఖు కృష్ణా జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. దివిసీమ మీద సముద్రం వచ్చిపడింది. బందరులో మాకు నీళ్లు కాదు, గాలి. రాత్రంతా పెంకులు ఎగిరిపోతుంటే మంచం కింద నక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టి, నూరు దాటాక మానేశాను. అటకమీది సామాను, ట్రంకుపెట్టెలు, బియ్యం బస్తాలు అన్నీ తడిశాయి. ఆ వానలో కూడా ఉప్పు ఉంది, పెదాలకు తగిలేది. మూడో రోజున దివి నుంచి కబురొచ్చింది. తాతయ్య పినతండ్రిగారి ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

పది రోజులు మైల. గడ్డం లేదు. అరుగు మీద పీట లేదు, నీళ్ల తగవు లేదు. తాతయ్య బుగ్గల మీద తెల్లగా పెరుగుతున్న ఆ గడ్డాన్ని చూస్తే నాకు భయమేసేది. ఎవరో వేరే ఆయన మా ఇంట్లో తిరుగుతున్నట్టుండేది. రేజరు తడిసిన ట్రంకుపెట్టెలో ఉందని ఎవరికీ తోచలేదు. తోచినా ఆ రోజుల్లో దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

పదో రోజు కార్యక్రమం అయ్యాక నేనే పెట్టె తెరిచాను. రేజరు మీద నికెలు అక్కడక్కడ పొక్కి, కింది ఇత్తడి నుంచి పచ్చగా కిలుము పైకి పొంగి ఉంది. నాకు పదేళ్లు. తాతయ్యకు ఎలాగైనా ఒక మంచిపని చేసి పెట్టాలని ఉంది. ఇత్తడి సామానుకు కిలుము ఎలా వదిలిస్తారో రోజూ చూస్తున్నదే. పెరట్లో కూర్చుని చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు పెట్టి గంటసేపు తోమాను. కిలుము పోయింది. దానితోపాటు తెల్లటి పూత కూడా టోపీ మీద చాలా మేర పోయి పసుపుపచ్చగా తేలింది. నేను ఆగలేదు, ఇంకా గట్టిగా రుద్దాను. "తాతయ్యా, బంగారమైంది!" అని పరుగెత్తుకుంటూ వెళ్లి చేతిలో పెట్టాను.

తాతయ్య చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. తిట్టలేదు. "చెంబుకు ఇత్తడే లోపలా బయటా. దీనికి చొక్కా ఉందిరా, చొక్కా చింపేశావు" అన్నారు. అని నవ్వారు. ఉప్పెన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

మర్నాడు నన్ను సైకిలు వెనకాల కూర్చోబెట్టుకుని చిలకలపూడి తీసుకెళ్లారు. ఊరంతా గిల్టు నగల పని. ఏ గుమ్మంలో చూసినా ఆడవాళ్లు తలలు వంచి రాళ్లు పొదుగుతున్నారు. లోపలి గదుల్లోంచి ఆమ్లం ఘాటు. మెరుగు పెట్టే ఆయన తాతయ్య దగ్గర చదువుకున్నవాడే. "రండి మాస్టారూ" అని స్టూలు వేసి, చేతులు తుడుచుకుని రేజరు అందుకున్నాడు. భూతద్దం పెట్టి చూశాడు.

"గుంటలు పడ్డాయండీ. పైన ఎంత పూత వేసినా గుంట గుంటగానే కనపడుద్ది. అద్దంలా కావాలంటే చక్రం మీద పట్టి ఆ గుంటల లోతుదాకా ఇత్తడి అరగదీయాలి."

"అరగదీస్తే అంచు?"

"అంచు గుండ్రబడుద్దండీ."

తాతయ్య నా వైపు తిరిగారు. "విన్నావా? అంచు గుండ్రబడితే బ్లేడుకూ దానికీ సందు మారుతుంది. ఇక అది గడ్డం గీయదు, చర్మం గీస్తుంది." మళ్లీ ఆయనతో, "అంచు జోలికి పోకు నాయనా. గుంటలు ఉండనీ. ఇత్తడి కనపడకుండా కప్పు, చాలు" అన్నారు.

కుంకుడుకాయ రసంలో ముంచి మెత్తటి ఇత్తడి తీగల బ్రష్షుతో ఆయన రేజరును తోమడం చూస్తే నా కొబ్బరిపీచు గుర్తొచ్చి సిగ్గేసింది. తోమిన తర్వాత దాన్ని వేలితో ముట్టుకోబోయాను. చేయి పట్టుకుని ఆపాడు. "ముట్టుకుంటే జిడ్డంటుద్ది బాబూ, జిడ్డున్న చోట పూత పట్టదు." మూడు ముక్కలనూ రాగి తీగకు కట్టి ఆకుపచ్చటి నీళ్ల తొట్టిలో వేలాడదీశాడు. ఆ నీళ్లలోనే అటూ ఇటూ నికెలు పలకలు. కరెంటు పెడితే ఆ పలకలు కరిగి రేజరు మీదకు చేరతాయని చెప్పాడు. బంగారం నీళ్ల తొట్టి గది చివర్న విడిగా ఉంది. అందులో సయనైడు కలుస్తుందని, పిల్లలు అటు రాకూడదని గుమ్మానికి అడ్డంగా బల్ల వేసి ఉంచారు. మేం అరగంట కూర్చున్నాం. బయటికి తీసి కడిగి, రంపపుపొట్టులో ఆరబెట్టి ఇచ్చాడు. డబ్బులు ఎంతకీ తీసుకోలేదు.

నాకు నిరుత్సాహమే. రేజరు తెల్లబడింది కానీ మెరవలేదు. టోపీ మీద మశూచి మచ్చల్లా గుంటలు అలాగే ఉన్నాయి. మర్నాడు అరుగు మీద పీట పడింది. నాయనమ్మ నోరెత్తకుండా గ్లాసుడు మంచినీళ్లు తనే తెచ్చిపెట్టింది. గీతలన్నీ అయ్యాక తాతయ్య పటికబిళ్ల రాసుకుని కాసేపు ఆగారు. ఎక్కడా చురుక్కుమనలేదు. "తప్పుల్లేవు" అన్నారు.

ఆ తర్వాత మరో పన్నెండేళ్లు ఆయన అదే రేజరు వాడారు. దాన్ని శుభ్రం చేసే పని నాదే. పద్ధతి మాత్రం మారింది. గోరువెచ్చటి సబ్బునీళ్లు, పాత పళ్ల బ్రష్షు, పొడిగుడ్డ. పలక సందుల్లో సబ్బు గట్టిపడితే నీళ్లు కలిపిన నిమ్మరసంలో రెండు నిమిషాలు, అంతకు మించి కాదు. మరకు ఒక్క చుక్క కొబ్బరినూనె. తడితో పెట్టెలో పెట్టకూడదు. ఇంతే.

పోయిన ఏడు మా అబ్బాయి తనకూ అలాంటి రేజరే కావాలన్నాడు. హైదరాబాదులో దుకాణానికి వెళ్లాం. ఇప్పుడు రకాలు చాలా. పిడి తిప్పితే రెక్కలు విప్పుకునేవి, పలక అంచున దువ్వెన పళ్లున్నవి, బంగారు రంగువి, నల్లటివి. చాలావాటికి లోపల ఉన్నది జింకే ఎక్కువగా ఉన్న పోత లోహం. అచ్చులో పోయడం తేలిక, ధర తక్కువ, మెరుగూ బాగా పడుతుంది. పూత ఒకచోట లేచిందంటే మాత్రం లోపల తినేసుకుంటూ పోతుంది. మర కాడ విరిగితే అతకదు. ఇత్తడి అలా కాదు, పూత పోతే మళ్లీ వేయించుకోవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలుకు పూతే అక్కర్లేదు, ధరే ఎక్కువ.

మావాడు బంగారు రంగుది చేతిలోకి తీసుకున్నాడు. నేనేమీ అనలేదు. బ్లేడు బిగించి వెలుతురుకు ఎత్తి చూడమన్నాను. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ. వాడే కింద పెట్టేసి, పక్కనున్న మసక స్టీలుది ఎత్తి చూశాడు.

మీ ఇంట్లోనూ ఏ పాత పెట్టెలోనో తాతగారి రేజరు ఉండే ఉంటుంది. దొరికితే ఇటుకపొడి, ఇత్తడి పాలిష్ దగ్గరికి పోకండి. సబ్బునీళ్లతో కడిగి, కొత్త బ్లేడు బిగించి, కిటికీ దగ్గర నిలబడి అంచు చూడండి. రంగు ఎంత పోయినా, గుంటలు ఎన్ని పడినా, అంచు సూటిగా ఉంటే అది ఇంకా రేజరే.