బోర్డు మీద 45 నిమిషాలు

ఈ రాతలు మొదట్నుంచీ చదువుతున్నవాళ్లకి మా బాబాయి తెలుసు. పెద్దాపురంలో రైస్ మిల్లు హమాలీ. ఇప్పుడు అరవై దాటాయి, మూటలు మొయ్యడం లేదు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర సరిగ్గా వంగదు. అదెందుకో తర్వాత చెప్తాను.

మొన్న మే నెలలో ఆయన మనవరాలికి పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయి. ఏం కావాలే అనడిగితే ఫోను అంటుందనుకున్నాం. వాటర్ పార్కు అంది. సరే, ముగ్గురం సామర్లకోటలో గౌతమి ఎక్కి హైదరాబాద్ వెళ్లాం. బాబాయి ఎందుకంటే, మేం నీళ్లలో దిగితే బ్యాగులు కాసేవాళ్లు కావాలి కదా!

ఊరవతల పెద్ద పార్కు. పేరెందుకులెండి. ప్రతి ఆట దగ్గరా గుమ్మం మీద ఎర్ర అంకెలతో చిన్న బోర్డు. ఒకచోట 45 అని వెలుగుతోంది. బాబాయి ఆగిపోయాడు.

"ఏంటమ్మా ఆ 45? టికెట్టా?"

"కాదు బాబాయ్. ఇక్కడ లైన్లో నిలబడితే మన వంతు రావడానికి పట్టే నిమిషాలు."

"ఎవరు చెప్పారు వాళ్లకి?"

చివరికి బ్యాగుల దగ్గర నేను కూర్చున్నాను. పిల్ల ఒక్కతే భయపడుతోందని బాబాయే పడవలాంటి ఆ బండెక్కడానికి లైన్లోకి వెళ్లాడు. తడిసి ముద్దయి తిరిగొచ్చి మొదటి మాట ఆట గురించి చెప్పలేదు. వాచీ చూపించాడు. "33 నిమిషాలమ్మా. వాళ్లు చెప్పినదానికంటే 12 నిమిషాలు ముందే ఎక్కించేశారు. ఎక్కడో లెక్క తప్పారు" అన్నాడు. గొంతులో సంతోషం లేదు, అనుమానం. చెప్పిన గడువుకంటే ముందు జరిగిన పని ఆయన బతుకులో ఇంకొకటి ఉందేమో నాకైతే తెలీదు.

తిరుగు రైల్లో ఆయన అనుమానం తీర్చడానికి నేను చదివింది చదివినట్టు చెప్పాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేసినదానికి ఈ లెక్కలెందుకంటారేమో. మా సిలబస్‌లో నిరీక్షణ అనగానే వాసకసజ్జిక వస్తుంది. ఇల్లు అలంకరించుకుని నాయకుడి కోసం ఎదురుచూసే ఆవిడ. పిల్లలకి ఏటా చెప్తాను, బాగానే చెప్తాను. కానీ ఆవిడ కూర్చునే ఎదురుచూస్తుంది. నిలబడి ఎదురుచూసేవాళ్లకి అలంకారశాస్త్రంలో పేరు లేదు. అందుకని లెక్కలవాళ్ల దగ్గరికి పోయాను.

లెక్క చాలా చిన్నది. గుమ్మం నుంచి బండి దాకా లైన్లో 600 మంది ఉన్నారనుకోండి. బండి గంటకి 900 మందిని ఎక్కిస్తుంది. 600ని 900తో భాగిస్తే గంటలో మూడింట రెండొంతులు, అంటే 40 నిమిషాలు. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా ప్రొఫెసర్ గణితంలో నిరూపించిన సూత్రం సారం ఇంతే. కాకపోతే లైన్లో ఎంతమంది ఉన్నారో నిమిషనిమిషానికీ లెక్కపెట్టేదెవరు? డిస్నీ వాళ్లు చాలాకాలం ఒక ఎర్ర కార్డు వాడారు. గుమ్మం దగ్గరి ఉద్యోగి లైన్లోకి వెళ్తున్న ఎవరో ఒకరి చేతికి దాన్నిస్తాడు. వాళ్లు బండి ఎక్కేచోట ఉన్న ఉద్యోగికి అది తిరిగిచ్చేస్తారు. ఇచ్చిన టైముకీ పుచ్చుకున్న టైముకీ తేడా ఎంతో, ఆ లైను పొడవు అంత. తర్వాత చేతికి కట్టుకునే బ్యాండ్లొచ్చాయి, ఫోన్లొచ్చాయి, కార్డు పని తగ్గింది. నాకు మాత్రం ఆ కార్డే నచ్చింది. లైను ఎంతసేపో లైన్లో నిలబడ్డ మనిషి చేతే చెప్పించారు.

ఇక ఆ 12 నిమిషాల సంగతి. లెక్క తప్పి కాదు. ఫ్లోరిడా పార్కుల్లో ఏళ్ల తరబడి గడియారం పట్టుకుని తిరిగిన అభిమానులున్నారు. వాళ్లు తేల్చిందేమంటే, బోర్డు మీది టైము కంటే అసలు టైము తరచూ తక్కువే ఉంటుందని. 45 అని చెప్పి 33కి ఎక్కిస్తే మనిషి నవ్వుతూ ఎక్కుతాడు. 25 అని చెప్పి 33 చేస్తే, అదే 33 నిమిషాలకి తిట్టుకుంటూ ఎక్కుతాడు. పెద్ద అంకె వేస్తే ఇంకో లాభం కూడా ఉంది, జనం ఖాళీగా ఉన్న ఆటల వైపు మళ్లుతారు. దెయ్యాల కొంప లాంటి ఆటల దగ్గరైతే సరదాకి 13 నిమిషాలని పెడతారట, వాళ్లకి ఆ అంకె అశుభం కాబట్టి.

"మంచి మోసమే" అన్నాడు బాబాయి. మెచ్చుకోలుగానే అన్నాడు.

డేవిడ్ మేస్టర్ అనే ఆయన 1985లో లైన్లో నిలబడేవాళ్ల మనసు గురించి ఒక వ్యాసం రాశాడు. ఎంతసేపో తెలియని ఎదురుచూపు, తెలిసినదానికంటే పొడవుగా తోస్తుంది. కారణం చెప్పకుండా నిలబెడితే ఇంకా పొడవు. పక్కవాణ్ని అన్యాయంగా ముందు పంపితే మరీ పొడవు. ఇది మా నాయనమ్మకి 1985కి చాలా ముందే తెలుసు. ఊరి బావి దగ్గర మావాళ్లు చేద వెయ్యకూడదు. బిందె పెట్టుకుని దూరంగా నిలబడాలి. పై కులపు ఆవిడ ఎవరైనా వచ్చి, ఆవిడ నీళ్లు ఆవిడ తోడుకుని, దయ కలిగితే మన బిందెలో పైనుంచి పోస్తుంది. "ఎంతసేపు నిలబడేదానివి నాయనమ్మా?" అని చిన్నప్పుడు అడిగితే "ఎవరైనా వచ్చేదాకా" అనేది. అక్కడ జాన్ లిటిల్ సూత్రం పనిచెయ్యదు. ఆవిడ ముందు ఒక్క మనిషి కూడా లేకపోవచ్చు. లైను పొడవు సున్నా. అయినా పొద్దు గడిచిపోయేది. గంటకి ఎన్ని బిందెలు అనే అంకె అవతలివాళ్ల మనసులో ఉన్నప్పుడు ఏ బోర్డు మీద ఏం రాస్తారు?

మన తెలుగువాళ్లకి ఈ బోర్డు కొత్తదేం కాదు. తిరుమలలో రోజూ ప్రకటిస్తారు, పేపర్లోనూ వేస్తారు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, టోకెన్ లేనివాళ్లకి సర్వదర్శనానికి ఎన్ని గంటలు. రద్దీ రోజుల్లో 31 కంపార్ట్‌మెంట్లూ నిండి లైను బయట శిలాతోరణం దాకా పోతుంది. ఆ పక్కనే 300 రూపాయల లైనుంటుంది, దానికి వేరే టైము. 2025 జనవరి 8న తిరుపతిలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. వాళ్లు ఆ రాత్రి నిలబడింది దర్శనానికి కాదు. దర్శనం ఎప్పుడో చెప్పే టోకెన్ కోసం.

డబ్బు లైను పార్కుల్లోనూ వచ్చింది. డిస్నీ 1999లో ఫాస్ట్‌పాస్ అని పెట్టినప్పుడు అది ఉచితం. ఫలానా గంటకి రమ్మని చీటీ ఇచ్చేవారు. 2021 నుంచి అలాంటి సదుపాయానికి డబ్బు కట్టాలి. 2016లో రావిర్యాల దగ్గర తెరిచిన వండర్‌లాలో కూడా మామూలు టికెట్ కాక ఫాస్ట్‌ట్రాక్ అని ఎక్కువ ధరకి ఇంకోటి అమ్ముతారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. రెండు లైన్లున్నా బండి ఒకటే. అది గంటకి ఎక్కించే 900 మందీ 900 మందే. రెండు లైన్లూ కలిసేచోట ఒక కుర్రాడు నిలబడి, అటు నుంచి ఇంతమంది, ఇటు నుంచి ఇంతమంది అని చెయ్యూపుతాడు. కాబట్టి మామూలు లైను బోర్డు మీది 45లో కొన్ని నిమిషాలు ఆ పక్క లైనువాళ్లవి. వాళ్లు కొనుక్కున్న టైము మన దగ్గర్నుంచి తీసిందే. ఆ కుర్రాణ్ని అనడానికేం లేదు, జీతానికి చెయ్యూపుతున్నాడు. (మా కాలేజీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పిల్లలు సర్టిఫికెట్ల కోసం నిలబడే కిటికీ గుర్తొచ్చింది. దాని గురించి ఇంకోసారి.)

ఆషాఢం వస్తే మా మరిడమ్మ తల్లి జాతర నడుస్తుంది. జెయింట్ వీల్ దగ్గర బోర్డూ లేదు, అంకే లేదు. "నిండితే తిప్పుతాం" అంటాడు. చిన్నప్పుడు ఆ చక్రం కింద నిలబడి ఎన్ని తొట్లు ఖాళీగా ఉన్నాయో వేళ్లమీద లెక్కపెట్టేవాళ్లం. మూడు. రెండు. లెక్క కళ్లముందే ఉండేది. పేట పిల్లలమని ఆ చక్రం వాడు ఎప్పుడూ ఆపలేదు, వాడికి కావలసింది తొట్టి నిండడం. జాతరలో మిగతాచోట్ల అలా ఉండేదని చెప్పను.

ఇప్పుడు బాబాయి చెయ్యి. 2017లో ఒక మిల్లు దగ్గర కూలి బకాయి అడిగినందుకు కులం పేరెత్తి తిట్టి, ఇనప రాడ్డుతో కొట్టారు. అట్రాసిటీ కేసు పెట్టాం. ఆ చట్టానికీ ఒక బోర్డుంది. నేనే బాబాయికి చదివి వినిపించాను అప్పట్లో. దర్యాప్తు 60 రోజుల్లో ముగించాలని నిబంధన. 2016 జనవరి 26న అమల్లోకొచ్చిన సవరణ ప్రకారం, చార్జిషీటు వేశాక సాధ్యమైనంతవరకూ రెండు నెలల్లో విచారణ పూర్తి చెయ్యాలి. సాక్షులు వస్తే రోజువారీగా నడపాలి. గుమ్మం మీద ఎర్ర అంకెలతో రాసినంత స్పష్టంగా ఉంది. 60 రోజులు, రెండు నెలలు. మాకు చార్జిషీటుకే ఎనిమిది నెలలు పట్టింది. ఆ రెండు నెలలు ఇంకా అవ్వలేదు. పార్కువాడు ఎక్కువ రాసి తక్కువ నిలబెడతాడు. మాకు తక్కువ రాసి పెట్టారు.

ఇదేదో మా ఒక్క ఇంటి గొడవ కాదని చదివేవాళ్లకి తెలుసు. డిస్నీలాండ్ కాలిఫోర్నియాలో తెరిచింది 1955 జులై 17న. సరిగ్గా ముప్పై ఏళ్లకి, 1985 జులై 17న, కారంచేడు. తాగే చెరువు నీళ్లు పాడుచెయ్యొద్దన్నందుకు మొదలై ఆరుగుర్ని చంపేదాకా వెళ్లింది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2008 డిసెంబర్‌లో. 23 ఏళ్లు. చుండూరులో ఎనిమిదిమందిని చంపింది 1991 ఆగస్టు 6న. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టినా శిక్షలు పడేసరికి 2007 జులై 31 అయింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టడం నాకే ఇబ్బందిగా ఉంది, ఒకటి ఆటస్థలం కదా అని. కానీ 2025 జులై 17న డెబ్భై ఏళ్ల పండగ ఫొటోలు మీ ఫోన్లలోకి ఎలాగూ వచ్చే ఉంటాయి. ఆ రోజు నలభై ఏళ్లు నిండింది ఇంకోటుంది.

బాబాయి ఇంట్లో గోడ క్యాలెండర్ మీద వాయిదాలన్నీ పెన్నుతో చుట్టి ఉంటాయి. పాత క్యాలెండర్లు కూడా పారెయ్యడు. మనవరాలు ఫోన్లో ఈ-కోర్ట్స్ యాప్ పెట్టింది. కేసు నంబరు కొడితే తర్వాతి తేదీ కనిపిస్తుంది. తర్వాతిది మాత్రమే. ఇంకా ఎన్నున్నాయో కనిపించదు.

పోయిన శుక్రవారం వాయిదాకి వెళ్లాడు. మధ్యాహ్నం క్లాసయ్యాక చూస్తే నాలుగు మిస్డ్ కాల్స్. గాభరాపడి చేశాను.

"ఏం లేదమ్మా, లెక్కపెట్టాను" అన్నాడు.

"ఏం లెక్క బాబాయ్?"

"రైల్లో చెప్పావు కదా, లైన్లో ఎంతమంది, గంటకి ఎంతమందిని ఎక్కిస్తారని. గోడకి అంటించిన లిస్టులో 68 కేసులున్నాయి. భోజనాల వేళకి 52 పిలిచారు. నేను అబ్బో అనుకున్నాను. కానీ అందులో సాక్షి బోనెక్కింది రెండింటికే. మిగతా యాభైకీ తేదీలిచ్చి పంపేశారు. అంటే బండి తిరుగుతోంది గానీ ఎవర్నీ ఎక్కించట్లేదు. ఆ లెక్కన నాకెంత పడుతుందో చెప్పు."

నేను చెప్పలేకపోయాను. తేదీలిచ్చి పంపినవాళ్లు మళ్లీ లైను చివరికే వస్తారు కాబట్టి ఆ భాగారం తెగదు. పిల్ల రాత్రి కూర్చుని ఏదో అంకె తేల్చిందట. తాతకి చెప్పనంది, నాకు చెప్పింది.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఇంటికొచ్చాడు, తెల్లకాగితం తనే తెచ్చుకుని. "ఒక అర్జీ రాసిపెట్టమ్మా. వరండాలో మేం కూర్చునేచోట బోర్డు పెట్టమని. ఏ కేసుకి ఇంకా ఎంత పడుతుందో దాని మీద రాయమని."

"ఎలా రాస్తారు బాబాయ్, వాళ్లకే తెలీదు కదా?"

"ఉజ్జాయింపుగా రాయమను. పార్కులోలాగా ఎక్కువేసి రాసినా పర్లేదు."

రాశాను. వచ్చే వాయిదా ఆగస్టులో. అప్పుడు పట్టుకెళ్తాడు.