ఎవరి కోసం ఆ యాస?

కొన్నేళ్ళ క్రితం మా సంఘములో అమెరికా నుండి వచ్చిన ఒక బోధకునితో మూడు రాత్రులు కూటములు జరిగాయి. ఆయన ఇంగ్లీషులో చెప్తుంటే నేను తెలుగులో తర్జుమా చేశాను. ఆయన వెళ్ళిపోయాక వచ్చిన ఆదివారం, ఆరాధన ముగిసి అందరూ బయటికి వస్తుండగా ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుంది. “అయ్యగారూ, దొరగారు పోయి నాలుగు దినాలయ్యింది గదా, మీరింకా ఆయన లాగానే తెలుగు మాట్లాడతన్నారేంటి?” అని అడిగింది.

నేను నవ్వేశాను. ఇంటికి వెళ్ళి అన్నం తినేటప్పుడు నా భార్యతో చెబితే ఆమె నవ్వలేదు. “అవ్వ అన్నది నిజమేనండీ. మీరు ‘ప్రియులారా’ అని సాగదీస్తుంటే ఎవరో పరాయివారు మాట్లాడుతున్నట్టుంది” అన్నది. అప్పుడు నాకూ నవ్వు ఆగిపోయింది.

ప్రియ పాఠకులారా, ఈ అలవాటు నాకు పాతది. 2001లో నేను వేదాంత డిప్లొమా చదవడానికి వెళ్ళినప్పుడు మాకు ఇద్దరు విదేశీ ఉపాధ్యాయులు ఉండేవారు. ఒకరు ఇంగ్లండువారు, ఒకరు అమెరికావారు. ఒకరోజు అమెరికా ఉపాధ్యాయుడు ‘ఐజేయా’ తెరవమన్నారు. నేను విషయసూచిక అంతా వెదికాను. ఆయన అన్నది యెషయా గ్రంథమే! ఇంగ్లండు ఉపాధ్యాయుడు దానినే ‘ఐజైయా’ అనేవారు. ఒకరికి నీళ్ళు ‘వోట’, మరొకరికి ‘వాడర్’. ఇంగ్లండులో చాలామంది ‘కార్’ చివరనున్న రకారం పలకరు, అమెరికాలో చాలామంది స్పష్టంగా పలుకుతారు. ‘షెడ్యూల్’ అని ఒకరంటే ‘స్కెడ్యూల్’ అని మరొకరు.

ఆరు నెలల్లో నాకు రెండు యాసలూ పట్టుబడ్డాయి. ఆయనతో ఆయనలా, ఈయనతో ఈయనలా మాట్లాడేవాణ్ణి. నిజానికి ఇందులో తప్పేమీ లేదు. ఎదుటివారి మాట తీరుకు తెలియకుండానే దగ్గర కావడం మనుషుల స్వభావమని భాషను పరిశోధించేవారు 1970ల నుండి చెబుతున్నారు. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక సంగతి గమనించారు. కొత్త యాసను ఊరకే విన్నవారికంటె, దానిని అనుకరించి పలికినవారికి ఆ మాటలు బాగా అర్థమయ్యాయట. నా అనుభవమూ అదే. ఆ యాస నా నోట పలికిన తరువాతే ఆ పాఠాలు నా చెవికెక్కాయి.

అయితే నేను అక్కడ ఆగలేదు.

హాస్టలులో నా పక్క మంచం ఒక అన్నది. కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. వారి ఇంట్లో పదో తరగతి దాటినవాడు అతడొక్కడే. ‘స్కూల్’ అనబోయి ‘ఇస్కూలు’ అనేవాడు. ప్రతి ఇంగ్లీషు మాట చివర ఒక ఉకారం చేర్చేవాడు. మన తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి గనుక మన నోటికి అది సహజమని నాకు తరువాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా, అలా పలికితే జనం నవ్వుతారని.

ఒక శనివారం రాత్రి విద్యార్థుల కార్యక్రమములో నేను మా ఇద్దరు ఉపాధ్యాయులనూ అనుకరించాను. చప్పట్లు మోగాయి. వెనుక నుండి ఎవరో, “ఇప్పుడు అన్నను చెయ్యి” అని అరిచారు. నేను బైబిలు చేతపట్టి, ఆ అన్న ఇంగ్లీషు వాక్యభాగం చదివే తీరును అచ్చం అలాగే చదివాను. హాలంతా పగలబడి నవ్వింది. అన్న కూడా నవ్వాడు.

మరుసటి వారం ఉదయ ప్రార్థనలో ఇంగ్లీషు పాఠం చదివే వంతు అతనిది. దానిని వేరొకరికి ఇచ్చుకున్నాడు. చదువు ముగిసే వరకు అతడు పదిమందిలో ఇంగ్లీషు చదవడం నేను మళ్ళీ వినలేదు. ఎందుకో నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయము మనకు తెలిసినదే. యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు దాటబోయే ప్రతివానిని ‘షిబ్బోలెతు’ అనమన్నారు. ఎఫ్రాయిమువారికి ‘ష’ పలకక ‘సిబ్బోలెతు’ అన్నారు. ఆ దినాన పడినవారు 42,000 మంది. పేతురును కూడా ప్రధాన యాజకుని ముంగిట పట్టించినది అతని గలిలయ పలుకే. నేను కత్తి పట్టలేదు గాని, ఆ రాత్రి రేవు దగ్గర నిలబడినవారిలో నేనూ ఒకడినే.

ఇంగ్లీషువారిలోనూ ఈ జబ్బు ఉన్నది. 1941లో బీబీసీ రేడియోలో విల్ఫ్రెడ్ పికిల్స్ అనే ఆయన జాతీయ వార్తలు చదివారు. ఆయనది యార్క్‌షైర్ యాస. తమ దేశపు మనిషే, తమ భాషే అయినా, ఆ యాస వార్తలకు తగదని కొందరు శ్రోతలు ఫిర్యాదు చేశారు. ఇక మన ‘ట’, ‘త’ల తేడా విషయం చూడండి. 1984లో కెనడాలో పసిపిల్లల మీద పరిశోధన చేశారు. హిందీలోని ఆ రెండు శబ్దాల తేడాను ఇంగ్లీషు ఇళ్ళలోని ఆరేడు నెలల బిడ్డలు గుర్తుపట్టారు. ఏడాది నిండేసరికి చాలామంది ఆ నేర్పు పోగొట్టుకున్నారు. ఎవరి చెవి అయినా తన ఇంటి శబ్దాలకే అలవాటు పడుతుంది. ఇందులో ఒకరు గొప్ప, ఒకరు తక్కువ ఏమున్నది?

మా బంధువుల అబ్బాయి ఒకడు హైదరాబాదులో కాల్ సెంటరులో పనిచేసేవాడు. రాత్రంతా అమెరికావారితో వారి యాసలో మాట్లాడేవాడు. తెల్లవారి ఇంటికి రాగానే, “అమ్మా, ఆకలైతాంది” అనేవాడు. చెప్పులతోపాటు ఆ యాసనూ గుమ్మం బయటే విడిచేవాడు. అతడిది ఎదుటివారికి అర్థం కావడానికి చేసిన శ్రమ. నాది చప్పట్ల కోసం.

కిందటేడు పాస్టర్ల సదస్సులో ఆ అన్న కనబడ్డాడు. చింతూరు వైపు కోయ పల్లెల్లో పరిచర్య చేస్తున్నాడు. కోయ భాష ఎలా వచ్చిందని అడిగాను. “ముసలమ్మల దగ్గర కూర్చుని వాళ్ళు అన్నట్టే అనేవాణ్ణి. తప్పు పలికితే నవ్వి, మళ్ళీ చెప్పేవాళ్ళు” అన్నాడు.

నేను ధైర్యం తెచ్చుకుని ఆ శనివారం రాత్రి సంగతి ఎత్తి, క్షమించమని అడిగాను. అతడు కాసేపు టీ గ్లాసు వైపే చూశాడు. “నువ్వు బాగా చేశావు తమ్ముడూ. నా గొంతు అలా ఉంటుందని నాకు ఆ రాత్రే తెలిసింది. అది మా నాన్న గొంతు. దాన్ని విని అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. ఇన్నేళ్ళూ నన్ను బాధపెట్టింది అదే” అన్నాడు. తరువాత లేచి, నాకు ఇంకో టీ తెచ్చి ఇచ్చాడు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోనివ్వండి. రెండు మూడు యాసలు వస్తే మరీ మంచిది, ఎక్కువమంది మాట అర్థమవుతుంది. కాని బడి నుండి వచ్చిన బిడ్డ తాతగారి ఉచ్చారణను చూసి నవ్వితే, ఆ నవ్వులో మాత్రం మీరు కలవకండి. తాతగారు కూడా నవ్వుతారు. అంతమాత్రాన నొప్పి లేదనుకోవద్దు.

నా సంగతి అంటారా, ఇప్పటికీ విదేశీ బోధకులు వస్తే వారి మాట తీరు నాకు అంటుకుంటూనే ఉంటుంది. అందుకని ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాము. నా భార్య స్త్రీల వైపు మొదటి వరుసలో కూర్చుంటుంది. నా తెలుగు దారి తప్పితే కొంగు సర్దుకుంటుంది. పోయిన ఆదివారం రెండుసార్లు సర్దుకున్నది.