ఇంటికి మరో రెండు చేతులు

ఆరోగ్యాన్ని గురించి మనకు లభించే సలహాలన్నీ ఒక్క మనిషిని ఉద్దేశించినవే. ఉప్పు తగ్గించండి, ఉదయం నడవండి, వేళకు నిద్రపోండి, మనసును ప్రశాంతంగా ఉంచుకోండి. ఇవన్నీ మంచి మాటలే, కాదనేవారెవరూ లేరు. అయితే ఈ సలహాలు ఇచ్చేవారు ఒక్క ప్రశ్న మాత్రం సాధారణంగా అడగరు: మీ ఇంట్లో పని ఎంత, ఆ పని చేసే చేతులెన్ని? నా అనుభవాన్ని బట్టీ, చదువుకున్నదాన్ని బట్టీ చెబుతున్నాను: నడివయసు మనిషి ఆరోగ్యం చాలావరకు ఆ భాగహారం మీద ఆధారపడి ఉంటుంది.

మేము నివసించేది దక్షిణ అండమాన్‌లోని ఆస్టినాబాద్‌లో. ఇంగ్లీషు పేరుకు పారశీక ప్రత్యయాన్ని తగిలించుకున్న ఈ ఊరి పేరు నావంటి అనువాదకురాలికి ముచ్చట గొలుపుతుంది. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ మాకు దగ్గరి పట్టణం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో 100 మందిలో సుమారు 13 మందికి మాతృభాష తెలుగు. చేపలవేటకో, కూలికో, కొలువుకో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎక్కువ. విశాఖ నుంచి ఇక్కడికి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం. ఓడలో రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. ఆ ఓడ అయినా రోజూ ఉండదు.

ఇంత సముద్రం దాటి వచ్చినవారు వంటపాత్రలు తెచ్చుకోగలరు, దేవుడి పటాలు తెచ్చుకోగలరు. చుట్టపక్కాలను మాత్రం వెంట తెచ్చుకోలేరు. మా అత్తగారి చిన్ననాటి కబుర్లలో, శ్రీకాకుళం జిల్లాలోని వారి పల్లెలో ఎవరైనా మంచాన పడితే ఒకరు గంజి కాచేవారు, ఒకరు దుప్పట్లు ఉతికేవారు, ఒకరు రాత్రి పక్కన కూర్చునేవారు. తోడికోడలు, మేనత్త, ఎదురింటి పిన్ని ఇలా ఎవరి వంతు వారిది. ఆ ఏర్పాటు న్యాయమైనదని నేననను. అందులోనూ శ్రమ అంతా ఆడవారిదే. కాని ఒక్క ఆడమనిషిది కాదు. ద్వీపానికి వచ్చాక అదే సేవ, అదే శ్రద్ధ, అదే లోకం మాట అన్నీ మిగిలాయి. చేతులు మాత్రం రెండే మిగిలాయి.

మా ఇంటి సంగతి చెబుతాను. మావారికి దీవుల మధ్య తిరిగే ఓడలలో ఉద్యోగం. నెలలో సగం రోజులు నీటి మీదే గడుస్తాయి. అబ్బాయి కాలేజీలో చదువుతున్నాడు. 2022లో అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి పక్క చచ్చుబడింది. మాట ముద్దగా వస్తుంది. నేను ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆంగ్ల సాహిత్యం చదివి, ఇరవై ఏళ్లుగా అనువాదమే వృత్తిగా బతుకుతున్నదాన్ని. మాటల లెక్కన కూలి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబులు 2020 ఆగస్టులో పనిచేయడం మొదలైనప్పుడు నేనెంతో సంతోషించాను. అంతకుముందు ఒక అధ్యాయం పంపాలంటే పూట పట్టేది. ఇప్పుడు హైదరాబాదులోని ప్రచురణకర్త రాత్రి పదింటికి పంపిన పని పదీ ఒకటికి నా ముందుంటుంది. కేబులు పనిని తెచ్చింది; పని పంచుకునే మనిషిని తేలేదు.

ఇక్కడి సూర్యుడితో కూడా ఒక చిక్కుంది. భారతదేశపు గడియారాలకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మన కాకినాడ దగ్గరగా పోతుంది. మేమున్నది దానికి పది డిగ్రీలు తూర్పున. అంటే మా సూర్యుడు మా గడియారం కంటే సుమారు 40 నిమిషాలు ముందుంటాడు. వేసవిలో ఐదింటికే వెలుతురు వచ్చేస్తుంది. శీతకాలంలో సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడుతుంది. ఇంట్లో రోగి వెలుగుతోపాటు మేలుకుంటుంది. ప్రధాన భూభాగం నుంచి వచ్చే పని గడియారాన్ని బట్టి అర్ధరాత్రి దాకా సాగుతుంది. ఒకరు సూర్యుడి లెక్కన లేపితే, మరొకరు గడియారం లెక్కన మేలుకొలిపి ఉంచుతారు. మధ్యలో, పడకపుండ్లు పడకుండా రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి.

ఒక సాయంత్రం అత్తగారిని చూడటానికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త ఆమె రక్తపోటు చూసి, అదే పట్టీ నా చేతికి చుట్టింది. అత్తగారిది 130/80. నాది 164/102. “ఇంతకీ ఇక్కడ రోగి ఎవరమ్మా?” అని నవ్వింది. రెండోసారి చూశాక నవ్వలేదు. వైద్యుడు ఒక మాత్ర రాసి, దాని కింద ‘విశ్రాంతి’ అని కూడా రాశాడు. మాత్ర మందుల షాపులో దొరికింది.

ఆ చీటీని చూశాక, ఈ విషయమై శాస్త్రజ్ఞులేమన్నారో చదవడం మొదలుపెట్టాను. నన్ను అన్నిటికంటె ఎక్కువగా కదిలించినది అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జరిగి 1995లో వెలువడిన ఒక చిన్న పరిశోధన. మతిమరుపు వ్యాధి ముదిరిన బంధువులకు సేవ చేస్తున్న 13 మంది స్త్రీలను, అటువంటి భారం లేని మరో 13 మంది స్త్రీలను ఎంచుకున్నారు. అందరి చేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, అది మానేదాకా గమనించారు. భారం లేనివారికి సగటున 39 రోజుల్లో మానిన గాయం, సేవ చేస్తున్నవారికి మానడానికి దాదాపు 49 రోజులు పట్టింది. అలసట మనసుకు సంబంధించిన మాట అని మనం తేలిగ్గా అంటాం. చర్మానికి కూడా ఆ సంగతి తెలుసునన్నమాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో మరో లెక్క ప్రకటించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. అయితే ఆ లెక్కలో ఉన్నవి సంపాదన కోసం చేసే పనిగంటలు. మరి జీతం లేని పని? మన ప్రభుత్వం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపనిలో పాల్గొనే స్త్రీ దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంది. పురుషుడు 88 నిమిషాలు. స్త్రీ వంతు వారానికి దాదాపు 34 గంటలవుతుంది. పిల్లలకూ పెద్దలకూ చేసే సేవ దీనికి అదనం. దీని మీద ఒక ఉద్యోగమో, వృత్తో ఉంటే 55 గంటల గీత బుధవారమో గురువారమో దాటిపోతుంది.

సాహిత్యం చదువుకున్నదాన్ని గనుక ఇక్కడ మేరీ లాంబ్ గుర్తుకు రాక తప్పదు. ‘టేల్స్ ఫ్రమ్ షేక్‌స్పియర్’ అనే కథల పుస్తకం మనలో చాలామందికి పాఠ్యగ్రంథంగా పరిచయం. 1807లో అది వెలువడినప్పుడు ముఖపత్రం మీద చార్లెస్ లాంబ్ పేరొక్కటే ఉంది. కాని 20 కథల్లో 14 ఆయన అక్క మేరీ రాసినవి. ఆమె పగలు దుస్తులు కుట్టి సంపాదించేది. రాత్రులు మంచాన పడిన తల్లి పక్కనే పడుకుని సేవ చేసేది. తండ్రికి మతి స్తిమితం తప్పుతోంది. 1796 సెప్టెంబరు 22న, ఆమెకు 31 ఏళ్ల వయసులో, ఉన్మాదం కమ్మి, చేతిలోని కత్తితో తల్లినే పొడిచి చంపింది. విచారణ జరిపినవారు దాన్ని చిత్తభ్రమగా నిర్ణయించారు. ఆమె వ్యాధికి మూలాలు వేరే ఉండవచ్చు. శ్రమ ఒక్కటే కారణమనడం సాహసం. కాని పగలు సూది, రాత్రి శుశ్రూష ఆమెను ఏ స్థితికి తెచ్చాయో ఆనాటివారు కూడా గమనించారు.

తరువాతి కథ కూడా గమనించదగినది. ఇరవయ్యొక్కేళ్ల చార్లెస్ ఆమె బాధ్యతను తాను వహిస్తానని మాట ఇచ్చి, ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలో 1825 దాకా గుమాస్తాగిరీ చేస్తూ, జీవితాంతం ఆమెను కాపాడాడు. వ్యాధి మళ్లీ మళ్లీ వచ్చేది. మధ్యలో లభించిన నెమ్మది కాలంలో ఆమె పుస్తకాలు రాసింది. 1815లో కుట్టుపని గురించి ఒక వ్యాసం కూడా రాసింది. కూలి లేని కుట్టుపని స్త్రీల తీరికను హరిస్తున్నదనీ, పురుషులకున్నట్టు పనివేళ, విరామవేళ అన్న విభజన స్త్రీలకు లేదనీ ఆమె వాదం. ఆమెకు దొరికినది మరో రెండు చేతుల తోడు. అవి ముందే దొరికి ఉంటే అని చదివినవారికెవరికైనా అనిపిస్తుంది.

మా ఇంట్లో ఆ మాట అన్నది అత్తగారే. ఒక రాత్రి రెండింటికి ఆమెను పక్కకు తిప్పుతుంటే నా చేయి వణికింది. ఆమె కళ్లు తెరిచి, మాట కూడదీసుకుని అంది: “ఏటే కోడలా, నువ్వు తొంగోవా? నాకోసం చచ్చిపోతావేటి? ఆడు నా కొడుకు కాడా? ఆడ్ని లేపు.”

మావారు ఆ వారం సెలవులో ఇంట్లోనే ఉన్నారు. తల్లికి సేవ చేయడం ఆయనకు అయిష్టం కాదు; అది తన చేతికి వచ్చే పని కాదనుకున్నారు. తిప్పడం, దిండు సర్దడం మూడు రాత్రుల్లో వచ్చేశాయి. నాలుగోనాడు ఆయనే కాగితం తీసుకుని గీతలు గీశారు. ఓడ మీద పనిని ‘వాచ్’లుగా పంచుతారు: నాలుగు గంటలు డ్యూటీ, ఎనిమిది గంటలు విరామం. “చుక్కాని దగ్గర ఒకే మనిషిని ఇరవైనాలుగు గంటలూ నిలబెడితే ఓడ రాయికి తగులుతుంది,” అన్నారు. ఆయన ఇంట ఉన్న రోజుల్లో రాత్రి పది నుంచి రెండు దాకా ఆయనది, రెండు నుంచి నాది. ఆయన సముద్రం మీద ఉన్నప్పుడు పన్నెండు దాకా అబ్బాయిది. వారానికి రెండు మధ్యాహ్నాలు పక్కింటి బెంగాలీ ఆవిడ వచ్చి కూర్చుంటుంది; బదులుగా వాళ్ల అమ్మాయికి నేను ఇంగ్లీషు చెబుతాను. మరో మూడు రోజులు జీతానికి ఒక మనిషి వస్తుంది.

ఇదంతా ఉచితంగా సమకూరలేదు. నా సంపాదనలో మూడోవంతు తగ్గింది. రాత్రిపూట పని తీసుకోనని చెప్పినందుకు ఒక ప్రచురణకర్త ఉత్తరాలు మానేశాడు. కాని ఐదు గంటలు ఏకధాటిగా నిద్రపోవడమంటే ఏమిటో మళ్లీ తెలిసింది. నాలుగు నెలల తర్వాత నా రక్తపోటు 138/88. మాత్ర ఇంకా వేసుకుంటూనే ఉన్నాను. అది ఉండవలసిందేనని వైద్యుడి మాట. అత్తగారికి పడకపుండు ఒక్కటీ లేదు.

ఇంగ్లీషులో ‘కేర్‌గివర్’ అనే మాట ఉంది. తెలుగులో దానికి సరైన పదం కోసం ఎన్నోసార్లు తడుముకున్నాను. సంరక్షకుడంటే చట్టం గుర్తుకొస్తుంది, పరిచారిక అంటే జీతం గుర్తుకొస్తుంది. బహుశా ఆ పని ఒక్కరిది కాకపోవడం వల్లనే మనకు ఒక్క పదం అవసరపడలేదేమో. ఇప్పుడా పని ఒక్కరి మీద పడింది; పేరు మాత్రం లేదు. పేరు లేని పనికి సెలవు ఎవరిస్తారు? తల్లిదండ్రుల పోషణ పిల్లల విధి అని 2007లో చట్టం వచ్చింది, మంచిదే. ఆ విధిని నెరవేర్చే మనిషి నిద్రను గురించి ఇంట్లోవారే చట్టం చేసుకోవాలి. మనసు మరీ కుంగినప్పుడు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులో మాట్లాడేవారుంటారు. ఇది చాలామందికి తెలియదు.

మరొక మాట కూడా గమనించాలి. ‘తీరిక’ అన్నది తీరడం నుంచి పుట్టింది: పని తీరాక మిగిలే కాలం. ఇంటిపని తీరేది కాదు గనుక తీరిక కోసం కాచుకున్నవారికి అది రాదు. విశ్రాంతి అలా కాదు. శ్రమను మధ్యలో ఆపడమే విశ్రాంతి. పని మిగిలి ఉండగానే అది తీసుకోవాలి. ఆ మిగిలిన పనిని అందుకునే చేయి ఒకటి ఉంటేనే అది సాధ్యం.

రోగిని పరామర్శించడానికి వెళ్లేటప్పుడు మనం పళ్లు తీసుకువెళ్తాం. ఈసారి రెండు గంటల కాలం తీసుకువెళ్లండి. రోగి పక్కన కూర్చుని, ఆ ఇంటి ఇల్లాలితోనో, కొడుకుతోనో ‘నువ్వు పోయి పడుకో, నేనున్నాను’ అనండి.