పెద్దాయనకు కొన్న స్కోపు

అమెరికా నుంచి వచ్చినప్పటి నుంచి "అయ్యగారూ, అక్కడి సంగతులు రాయండి" అని మన సంఘంలో చాలామంది అడుగుతున్నారు. నయాగరా గురించి రాస్తానని అనుకుని ఉంటారు. నేను రాయబోయేది ఒక తుపాకుల దుకాణం గురించి. నవ్వుకోండి, పరవాలేదు.

మా అమ్మాయి వాళ్ల ఇల్లు పెన్సిల్వేనియాలో, టౌనుకు దూరంగా, అడవి అంచున ఉంది. పక్కింటివాళ్లు అంటే అరమైలు అవతల ఒక రైతు, ఆయన భార్య. ఆయనకు డెబ్బై దాటాయి. గత జనవరిలో అల్లుడు ఊళ్లో లేనప్పుడు, మోకాలి లోతు మంచులో, నిండా నెలలు నిండని మా అమ్మాయికి నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ పెద్దాయనే. దేవుని కృప, ఆ రోజు ఏమీ కాలేదు. బిడ్డ మేలో క్షేమంగా పుట్టింది. నేను ఆగస్టులో వెళ్లేసరికి అల్లుడు ఒకటే మాట: "మామయ్య గారూ, ఆయనకు ఏదైనా ఇవ్వాలి. డబ్బిస్తే తీసుకోడు."

పెద్దాయన జింకల వేటకు వెళ్తాడు. అక్కడ అది మనకు సంక్రాంతి లాంటిది. నవంబరులో థాంక్స్ గివింగ్ పండుగ అయిన శనివారం తుపాకి వేట మొదలవుతుంది. 2019కి ముందు సోమవారం మొదలయ్యేదట, ఆ సోమవారం పల్లెల్లో చాలా బడులకు సెలవు. ఆయన తుపాకి థర్టీ ఆట్ సిక్స్, తండ్రి ఇచ్చింది. దానిమీద ఉన్న దూరదర్శిని, అంటే స్కోపు, పాతబడి మసకగా కనిపిస్తోందని ఆయనే ఒకసారి విసుక్కున్నాడు. అల్లుడు ఆ మాట పట్టుకున్నాడు.

వీసా మీద ఉన్నవాళ్లం, ఇలాంటివి కొంటే ఇబ్బందేమో అని మొదట భయపడ్డాడు. దుకాణంలో అడిగితే, స్కోపు తుపాకి కాదు, కాగితాలేమీ అక్కర్లేదన్నారు. దేశం దాటించాలంటే మాత్రం వేరే అనుమతులు కావాలి.

అల్లుడి కన్ను అన్నిటికన్నా పెద్దదాని మీద పడింది. 6-24x50. అంటే ఇరవై నాలుగు రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు. కౌంటరు దగ్గర ఉన్నది ఒక మధ్యవయసు ఆవిడ. అమ్మేయవచ్చు కదా, అమ్మలేదు. ఎంత దూరంలో కొడతాడు, అడవా మైదానమా అని అడిగింది. దట్టమైన అడవి, మహా అయితే వంద గజాలు అన్నాం. "మరి ఇరవై నాలుగు రెట్లు ఎందుకు? జింక బదులు దాని చెవి వెంట్రుకలు కనిపిస్తాయి, జింక ఎక్కడుందో తెలియదు" అంది.

తర్వాత ఆవిడ చెప్పిన లెక్క నాకు బాగా నచ్చింది. ముందు అద్దం కొలతను రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం ఎంతో వస్తుంది. 50ని 24తో భాగిస్తే రెండు మిల్లీమీటర్లు. 40 అద్దాన్ని నాలుగు రెట్ల మీద పెడితే పది. సందెచీకట్లో పడుచువాళ్ల కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, ముసలివాళ్లది ఐదు తెరుచుకుంటే గొప్ప. జింకలు తిరిగేది సరిగ్గా తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు. కాబట్టి 3-9x40 చాలు. వెనక అద్దానికీ కంటికీ మధ్య మూడున్నర అంగుళాలైనా ఎడం ఉండాలి, లేకపోతే తుపాకి వెనక్కి తన్నినప్పుడు కనుబొమ్మ చీలుతుంది. లోపల గాలి తీసేసి నైట్రోజన్ నింపింది చూసుకోవాలి, చలిలో ఆవిరి పట్టదు. ఇవన్నీ ఉన్నవి 200-300 డాలర్లలోనే దొరుకుతాయి. అల్లుడి ముఖం కాస్త చిన్నబోయింది. ఖరీదైనది ఇస్తేనే కృతజ్ఞత అనిపిస్తుంది మనకు.

ఆవిడ ఆఖరి ప్రశ్న మమ్మల్ని ఆపేసింది. "మసకగా ఉన్నది స్కోపా, ఆయన కళ్లా?"

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. నాన్న చివరి రోజుల్లో దీపం చాలడం లేదు, వాక్యం కనపడటం లేదు అనేవాడు. నేను వంద క్యాండిళ్ల బల్బు తెచ్చి పెట్టాను. మంచి కొడుకుననుకున్నాను. రెండేళ్ల తర్వాత ఊరికి వచ్చిన కంటి శిబిరంలో డాక్టరు చూసి, రెండు కళ్లకూ శుక్లాలు ముదిరిపోయాయన్నాడు. రెండేళ్లు నాన్న బైబిలు చదవకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దాని గురించి నేనింతవరకు ఏ ప్రసంగంలోనూ చెప్పలేదు.

పెద్దాయన గురించి కొన్ని సంగతులు అప్పుడు కలిశాయి. ఎదురుగా కారు లైట్లు వస్తే మొహం తిప్పుకోవడం. ఎండలో కళ్లకు చేయి అడ్డం పెట్టుకోవడం. ఒకసారి వరండాలో ఉన్న నన్ను అల్లుడి పేరుతో పిలిచాడు. అప్పుడు నవ్వుకున్నాం.

ఇంకొకటి కూడా. నా చిన్నప్పుడు మా వైపు కంది చేలల్లో అడవిపందుల కోసం నాటు తుపాకులు పట్టుకుని రాత్రుళ్లు కాపలా కాసేవాళ్లు. ఒక రాత్రి చేలో కదులుతున్నది పందనుకుని కాల్చారు. మనిషి. పొద్దున్నే మంచం మీద మోసుకొస్తుంటే చూశాను. ఇప్పుడు ఆ అడవి అంచునే నా కూతురు బిడ్డనెత్తుకుని తిరుగుతోంది.

ఆ రాత్రి ఆదికాండము 27 తీశాను. చూపు మందగించిన ఇస్సాకు, వేటమాంసం కావాలని ఏశావును పంపడం. ఎన్నిసార్లు బోధించానో! ఎప్పుడూ యాకోబు మోసం గురించే చెప్పాను. ఎదురుగా ఉన్నది ఎవరో తెలియక తడుముకుంటున్న ఆ ముసలి తండ్రి దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

చెప్పడం సులువు కాదు. మేలు చేసిన మనిషి దగ్గరికెళ్లి నీ కళ్లు పాడయ్యాయి అని ఎలా అంటాం? అల్లుడు తన వల్ల కాదన్నాడు. చివరికి నేను నా వంకర ఇంగ్లీషులో మా నాన్న కథ, బల్బు కథ చెప్పాను, అంతే. పెద్దాయన ఏమీ అనలేదు. కాఫీ చల్లారిపోయింది. లేచి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు మా వైపు రాలేదు. అమ్మాయి నా మీద కోపగించుకుంది, "నాన్నా, నీకెందుకు?" అని. ఐదో రోజు ఆయన భార్య వచ్చి, కళ్ల డాక్టరు దగ్గర తేదీ తీసుకున్నాడని చెప్పింది. నిరుడు సీజనంతా ఒక్క తూటా కాల్చకుండా తిరిగొచ్చాడట. ఆకారం కనిపించేది, అది జింకేనా అని నమ్మకం ఉండేది కాదట. ఆ మాట ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరులో ఒక కన్ను, అక్టోబరులో రెండోది. డాక్టరు సరేనన్నాకే స్కోపు ఇచ్చాం. ఆయన దాన్ని బిగించిన తీరు చూడాలి. ముందు ఇరవై ఐదు గజాల్లో కాగితం పెట్టి కాల్చి చూసుకున్నాడు, తర్వాత వందలో. తూటా మూడు అంగుళాలు కిందికి పడింది. స్కోపు మీది మరను పన్నెండు టిక్కులు తిప్పాడు. వంద గజాల్లో ఒక్కో టిక్కు పావు అంగుళం. తర్వాతి మూడు తూటాలు నా అరచేతి కింద కప్పేయొచ్చు, అంత దగ్గరగా పడ్డాయి.

తర్వాత తుపాకి ఖాళీ చేసి, బోల్టు ఊడదీసి జేబులో వేసుకుని, చూస్తావా అని నా చేతికిచ్చాడు. పొలం చివర ఓక్ చెట్టు బెరడు కూడా కనిపించింది. సంతోషంలో అలా తిప్పుతూ మా అమ్మాయి ఇంటివైపు తిరిగాను. ఆయన చేయి ఠక్కున గొట్టం మీద పడి కిందికి వంచేసింది. బోల్టు లేదు కదా అన్నట్టు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపి, తుపాకి తీసేసుకుని, మెడలో ఉన్న మామూలు దుర్భిణి తీసి నాకిచ్చాడు.

వరండాలో అమ్మాయి బట్టలు ఆరేస్తోంది. చంకలో పాప. ఇద్దరికీ పెద్దాయన భార్య ఇచ్చిన నారింజరంగు టోపీలు.