ఎనిమిదో రోజు తుపాను బొమ్మ

బంగాళాఖాతంలో అల్పపీడనమే ఇంకా పుట్టలేదు, ఎనిమిదో రోజున తుపాను కాకినాడ దగ్గర తీరం దాటుతుందని జీఎఫ్ఎస్ అనే వాతావరణ మోడల్ బొమ్మొకటి అప్పుడే వాట్సాప్‌లో తిరిగేస్తోంది. ఆ మోడల్ రోజుకు నాలుగుసార్లు కొత్తగా లెక్క కడుతుంది. పొద్దున కాకినాడ అన్నది సాయంత్రానికి చెన్నై అనొచ్చు. ఆరంభ స్థితిని కొద్దికొద్దిగా మార్చి ఐరోపా వాతావరణ కేంద్రం వేసే 50 పైచిలుకు అంచనాలను కలిపి చూడటం మేలు (లైకులు మాత్రం ఆ ఒక్క బొమ్మకే). అవి నెల్లూరు నుంచి పూరీ దాకా చెదిరి ఉంటే, వానకు అవకాశముంది, చోటే తేలలేదని అర్థం. 'ఇంత అనుమానమైతే కళ్లంలో ధాన్యమున్న రైతుకేం లాభం?' అంటారు. బరకాలు సిద్ధం చేసుకోడానికి, కోత రెండు రోజులు ఆపడానికి ఆ మాత్రం సమాచారం చాలు. ఊరి పేరంటారా, వాయుగుండం కేంద్రం తేలాక వాతావరణ శాఖ (ఐఎండీ) బులెటిన్‌లో చూసుకోవచ్చు.