అప్రమత్తత అనే నివాళి

వసంత్ కుంజ్ నివాసులకు ఆకాశం ఎంతోసేపు నిశ్శబ్దంగా ఉండదు. ఢిల్లీ విమానాశ్రయంలో దిగే విమానాలు గాలివాటాన్ని బట్టి ఈ ఇళ్ళ మీదుగా వెళుతుంటాయి. చక్రాలు చాచుకుని, కిటికీల వరుస కంటికి ఆనేంత తక్కువ ఎత్తులో అవి సాగిపోతున్నప్పుడు, డాబాల మీద బట్టలు ఆరవేసే ఇల్లాళ్ళు మాటను సగంలో ఆపి, చప్పుడు దాటిన తరువాత మళ్ళీ అందుకుంటారు. 1980ల నుంచి ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఇక్కడ వరుసలు వరుసలుగా ఫ్లాట్లు కట్టించింది. అంతకు ముందు ఇదంతా ఆరావళీ కొండల చివరి రాతినేల. తుమ్మజాతి చెట్ల పొద. ఆ ఫ్లాట్ల నడుమ కిషన్‌గఢ్, మసూద్‌పూర్, రంగ్‌పురీ వంటి పాత పల్లెలు ఇప్పటికీ తమ పేర్లను నిలుపుకుంటున్నాయి.

తలమీది ఆకాశానికి ఇంతగా అలవాటు పడిన చోట ఎవరూ దానిని తల ఎత్తి చూడరు. 2025 ఏప్రిల్ 6వ తేదీ ఉదయం పత్రిక చదివి నేను చూశాను. ముందు రోజు, ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల దూరాన ఆగ్రాలో, భారత వైమానిక దళానికి చెందిన ‘ఆకాశ్ గంగ’ బృందంలోని శిక్షకుడు, వారంట్ ఆఫీసర్ రామ్‌కుమార్ తివారీ, ప్రదర్శన కోసం విమానం నుంచి దూకి, తీవ్రంగా గాయపడి కన్నుమూశారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో కూడా ఆగ్రాలోని మాల్పురా మైదానం మీద మరొక శిక్షకుడు ఇదే విధంగా ప్రాణాలు కోల్పోయారు. రెండు నెలల వ్యవధిలో ఇద్దరు; ఇద్దరూ ఇతరులకు దూకడం నేర్పినవారే.

ఈ వార్త తెలుగువారికి మరొక గాయాన్ని గుర్తు చేస్తుంది. 2023 ఏప్రిల్‌లో విజయనగరం జిల్లాకు చెందిన నౌకాదళ కమాండో చందక గోవింద్, పశ్చిమ బెంగాల్‌లోని పానాగఢ్ వైమానిక స్థావరం నుంచి శిక్షణ కోసం బయలుదేరిన విమానంలో నుంచి దూకి, తిరిగి లేవలేదు. సముద్రాన్ని నమ్ముకున్న విశాఖ నౌకాదళం తనవాడిని ఎక్కడో బెంగాల్ నేల మీద పోగొట్టుకున్నది.

ఢిల్లీవాసులకు ‘ఆకాశ్ గంగ’ కొత్త పేరు కాదు. 1987లో ఏర్పడిన ఈ బృందం, నగరానికి తూర్పున ఉన్న హిండన్ స్థావరంలో ఎన్నో ఏళ్ళపాటు అక్టోబరు 8వ తేదీన, వైమానిక దళ దినోత్సవం నాడు, ఆకాశం నుంచి దిగివచ్చేది. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగుల పారాచూట్లు నెమ్మదిగా తిరుగుతూ కిందికి వస్తుంటే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. చూసేవారికి అది వేడుక. చేసేవారికి అది ఒకరి ప్రాణం మరొకరి చేతిలో పెట్టే పని. విమానం తలుపు దగ్గర నిలబడే ముందు ప్రతివాడూ తన పక్కవాడి పట్టీలను, బకిళ్ళను, పిడులను చేత్తో తడిమి చూస్తాడు. తన వీపు తనకు కనిపించదు కనుక స్నేహితుడి కన్నే తన కన్ను. ఈ వృత్తిలో స్నేహమంటే అదే.

అందుకే అటువంటి బృందంలో ఒకరు పోయినప్పుడు మిగిలినవారి దుఃఖంలో, ఇతర దుఃఖాలలో లేని ముల్లు ఒకటి ఉంటుంది. ఆ బకిలును నేను సరిగా చూశానా? గాలి మారుతున్నదని నేను చెప్పవలసిందా? త్రివర్ణ పతాకం కప్పిన పేటిక ముందు వందనం చేసే ప్రతి చేయీ ఆ ప్రశ్నను మోస్తూనే ఉంటుంది.

అనువాదాలు చేసే వృత్తి వల్ల కాబోలు, ఆ ఉదయం నా మనస్సు ఒక మాట దగ్గర ఆగిపోయింది. అటువంటి సంఘటనను మనం ‘ప్రమాదం’ అంటాము. ఇంగ్లీషులో దీనికి సమానంగా వాడే ‘యాక్సిడెంట్’ అన్న మాటకు, లాటిన్ మూలాన్ని బట్టి, ‘వచ్చి పడినది’ అని అర్థం. అందులో ఎవరి బాధ్యతా లేదు. మన మాట అంత తేలికగా విడిచిపెట్టదు. సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు. దానికి ఎదురు మాటే అప్రమత్తత. బౌద్ధుల ధమ్మపదంలో ఒక అధ్యాయానికి పేరే ‘అప్పమాద వగ్గం’. మన పూర్వులు ఆపదకు పెట్టిన పేరులోనే దాని కారణాన్నీ, దాని మందునూ దాచిపెట్టారు.

అయితే ఇక్కడ మనలను ఒక సంప్రదాయం అడ్డగిస్తుంది. పోయినవారిని గురించి మంచి తప్ప మరేమీ పలకరాదని పెద్దలు చెబుతారు. ఇల్లు దుఃఖంలో ఉండగా, ‘ఎక్కడ పొరపాటు జరిగింది?’ అని అడగడం మర్యాద కాదు. నిజమే. కాని ఆకాశం నుంచి దూకేవారికి ఆ మర్యాద ఎంతో ఖరీదైనది. ఈ రోజు అడగని ప్రశ్న రేపు మరొక స్నేహితుడిని తీసుకుపోవచ్చు.

ప్రపంచంలోని పారాచూట్ సంఘాలు ఈ చిక్కుముడిని ఒక పద్ధతిలో విప్పుకున్నాయి. అవి శోకించడం మానలేదు. మిత్రుని చితాభస్మాన్ని సంచిలో పట్టుకుని విమానమెక్కి, అతడు ప్రేమించిన గాలిలోనే వెదజల్లే ఆచారం అనేక దేశాలలో ఉన్నది. చేతులు పట్టుకుని వలయంగా దిగుతూ, ఒక స్థానాన్ని ఖాళీగా విడిచిపెట్టే ఆచారమూ ఉన్నది. దానితోపాటు మరొక పని కూడా చేస్తారు. అమెరికా పారాచూట్ సంఘం ప్రతి ఏడూ తమ దేశంలో జరిగిన మరణాలన్నిటినీ ఒక్కొక్కటిగా విచారించి, తన పత్రికలో ప్రచురిస్తుంది. ఎన్నిసార్లు దూకిన అనుభవం, ఏ ఎత్తులో ఏమి జరిగింది, ఏమి చేసి ఉంటే బ్రతికేవారు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఆ పుటలు చదవడం సులభం కాదు. చదివేవారిలో పోయినవారి మిత్రులు ఉంటారు.

ఫలితం అంకెలలో కనిపిస్తుంది. 1970లలో ఆ దేశంలో ఏటా సగటున నలభైమందికి పైగా మరణించేవారు. 2023లో దాదాపు 36 లక్షల 50 వేల సార్లు దూకితే, మరణించినవారు పదిమంది. ఈ మార్పు దైవవశాన వచ్చినది కాదు. ప్రధాన పారాచూట్ విఫలమైతే ఆదుకునే రెండవ పారాచూట్‌ను అర్హత పొందిన నిపుణుడే మడవాలన్న నియమం ఉన్నది. మనిషి స్పృహ తప్పి పడిపోతున్నా, వేగాన్నీ ఎత్తునూ లెక్కగట్టి తనంతట తానే ఆ రెండవ పారాచూట్‌ను తెరిచే చిన్న యంత్రం 1991లో జర్మనీ నుంచి వచ్చింది. పారాచూట్ చక్కగా తెరుచుకున్న తరువాత కూడా, నేలకు దగ్గరలో తీసుకునే వేగమైన మలుపుల వల్ల ఎందరో పోతున్నారని విచారణలలో తేలిన తరువాత, శిక్షణ ఆ వైపు తిరిగింది. ప్రతి జాగ్రత్త వెనుకా ఒకరి ఆఖరి క్షణం ఉన్నది.

ఈ ఆలోచనలతోనే, ఒక గురువారం సాయంత్రం, ఇంటి నుంచి నడక సాగించాను. వసంత్ కుంజ్‌లో దుఃఖానికి జవాబు వెదుక్కున్న చోట్లు రెండు ఉన్నాయి.

మొదటిది, సి సెక్టారులోని భారతీయ వెన్నెముక గాయాల ఆసుపత్రి. దీనిని స్థాపించిన మేజర్ హరిపాల్ సింగ్ అహ్లూవాలియా 1965 మే 29న ఎవరెస్టు శిఖరం మీద నిలబడినవారు. కొద్ది నెలలకే, పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో, మెడలో గుండు దిగి చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో చికిత్స పొంది, అటువంటి వైద్యం మన దేశంలోనూ ఉండాలని సంకల్పించారు. 2022 జనవరిలో ఆయన మరణించారు. ఆ గేటు ముందు నిలబడితే, మెట్ల మీద నుంచో, చెట్ల మీద నుంచో, వాహనాల మీద నుంచో పడినవారిని చక్రాల కుర్చీలలో తోసుకుంటూ లోపలికి తీసుకుపోవడం కనిపిస్తుంది. శిఖరమెక్కినవాడు, పడినవారి కోసం ఇల్లు కట్టాడు. తన గాయాన్ని దాచుకోకుండా దానినే పాఠ్యపుస్తకం చేసుకున్నాడు.

అక్కడి నుంచి మహిపాల్‌పూర్ దారిలో పోతే, చెట్ల మధ్య ఒక చిన్న కోట వంటి కట్టడం వస్తుంది. అది సుల్తాన్ గఢీ. బెంగాల్‌ను పాలిస్తూ 1229లో మరణించిన తన పెద్దకొడుకు నాసిరుద్దీన్ మహమూద్ కోసం సుల్తాన్ ఇల్తుత్‌మిష్ 1231లో కట్టించిన సమాధి. నాలుగు మూలలా బురుజులు. ముంగిలి మధ్యన, నేల అడుగున ఎనిమిది పలకల గుహ. ఇల్తుత్‌మిష్ కూడా తనవాడిని బెంగాల్‌లోనే పోగొట్టుకున్నాడన్న సంగతి ఆ మెట్ల దగ్గర స్ఫురించి, ఒక్క క్షణం ఆగాను.

గురువారం కనుక చుట్టుపక్కల పల్లెలవారు వచ్చారు. హిందువులు, ముస్లిములు, కొత్తగా పెళ్ళయిన ఒక జంట. ఇరుకైన మెట్లు దిగి, చీకటిలో దీపం పెట్టి, అగరువత్తి వెలిగించి పైకి వస్తున్నారు. లోపల ఉన్నది ఎవరని ఒక ముసలమ్మను అడిగాను. ‘ఒక పీరు బాబా. మేలు చేస్తాడు నాయనా’ అన్నది తన హిందీలో. రాజకుమారుడి పేరు ఆమెకు తెలియదు. ఒక తండ్రి ఏడుపు తెలియదు. ఎనిమిది వందల ఏళ్ళలో ఆ శోకం నుంచి పేరు రాలిపోయింది. చీకటిలో మరొకరికి దారి చూపే దీపం మాత్రం మిగిలింది.

ఆ విచారణ పుటలు నాకు గుర్తుకు వచ్చాయి. వాటిలో కూడా చాలావరకు పేర్లు ఉండవు. ‘ఇన్నిసార్లు దూకిన ఒక వ్యక్తి’ అని మాత్రమే ఉంటుంది. పేరును మిత్రులు తమ గుండెలో ఉంచుకుంటారు. పాఠాన్ని అపరిచితుల కోసం బయట పెడతారు. ఎన్నడూ ఎరుగని ఒక కుర్రవాడు, ఏనాడో పోయిన ఒక మనిషి వల్ల, రేపు క్షేమంగా నేల మీద అడుగు పెడతాడు.

బయటికి వచ్చేసరికి చీకటి పడింది. మెట్లెక్కి వస్తున్న ముసలమ్మ కాలు తడబడితే, ఆ కొత్త పెళ్ళికొడుకు చప్పున ఆమె మోచేయి పట్టుకున్నాడు. తలమీద మరొక విమానం దీపాలతో దిగుతున్నది. ఈసారి అది నేలను తాకి ఉంటుందని అనిపించేవరకు చూస్తూ నిలబడ్డాను.